పద్నాలుగు ఆంపియర్లు

కోపం తగ్గాక రాద్దామని ఇన్నాళ్ళు ఆగాను. తగ్గే సూచనలు కనబడటం లేదు. అందుకని కోపంతోనే రాస్తున్నాను.

నేను గుంటూరులో ఒక కోల్డ్ స్టోరేజీలో ముప్పై ఏళ్ళకు పైగా మెషిన్ ఆపరేటరుగా పనిచేశాను. మిర్చి బస్తాలు లోపల నిద్రపోతుంటే బయట నేను మేలుకుని, గంటకోసారి ఒక్కో గది చల్లదనమెంతో, అమ్మోనియా ప్రెషరెంతో లాగ్‌బుక్కులో రాసేవాణ్ణి. మనుషులు అబద్ధం చెబుతారు, మీటరు ముల్లు చెప్పదు. ఆ నమ్మకంతోనే ఇంట్లో కూడా డైరీ రాయడం అలవాటైంది. వాన పడిందా, బావిలో నీళ్ళెంత, కరెంటు ఎప్పుడు పోయింది, ఎప్పుడొచ్చింది, అన్నీ రాస్తాను. రిటైరయ్యి ప్రత్తిపాడు పక్కన మా ఊళ్ళో స్థిరపడ్డాక కూడా ఆ అలవాటు మానలేదు.

నా భార్యకు ఉబ్బసం. మొదటిసారి చూపించినప్పుడు డాక్టరు "ఇంట్లో ఎవరైనా మిరప పని చేస్తారా?" అని అడిగాడు. ఆవిడ నా వైపు చూసింది. రోజూ నా చొక్కాలు ఉతికింది ఆవిడే. ఆయాసం వస్తే మందును పొగమంచులా చేసి మాస్కులోకి పంపే నెబ్యులైజర్ పెట్టాలి. దాన్ని మా ఇంట్లో గాలి మిషన్ అంటాం. అది కరెంటు మీదే నడుస్తుంది. కోతల కాలంలో ఊరి చుట్టూ కల్లాలు ఎర్రబడి గాలంతా ఘాటెక్కినప్పుడే ఆవిడకు ఆయాసం ఎక్కువ. సరిగ్గా ఆ రోజుల్లోనే లైన్ల పనులని చెప్పి పగలంతా కరెంటు తీసేస్తారు. ఫోన్ చేస్తే "పని జరుగుతోందండీ" అంటారు. ఏ పనో, ఎప్పటికయ్యేదో చెప్పరు. నిరుడు ఒక మధ్యాహ్నం ఆవిడ మంచం పట్టె పట్టుకుని, నోరు తెరిచి, గాలి కోసం భుజాలెగరేస్తుంటే, పక్కన ఆ మిషన్ బొమ్మలా కూర్చుంది. అరగంట తర్వాత కరెంటొచ్చింది. ఆ అరగంట తర్వాత నేనొక ఒట్టు పెట్టుకున్నాను. ఈ ఇంట్లో ఆవిడ ఊపిరి ఇంకెప్పుడూ ఆ లైనుకు వేలాడకూడదు.

సోలార్ పెడదామనుకున్నాను. కంపెనీ వాళ్ళతో కాదు, స్వయంగా. అమ్మోనియా కంప్రెసరు విప్పి బిగించినవాడికి రెండు సోలార్ పలకలూ ఒక బ్యాటరీ ఏపాటి? గుంటూరులో ఒక కొట్లో సరుకు తీసుకున్నాను. కొట్టతను నా వయసులో సగం కూడా ఉండడు. "పెద్దాయనా, కరెంటుతో కూడా ఛార్జయ్యే ఇన్వర్టరు తీసుకోండి. మబ్బు పట్టినా, పలకకేమైనా అయినా బ్యాటరీ నిండుగా ఉంటుంది" అన్నాడు.

"ఆ లైను వద్దనే కదయ్యా నీ దగ్గరికొచ్చింది" అన్నాను.

"రెండు దారులుంటే మంచిది కదండీ."

"నాకు ఎండ చాలు."

అతను ఇంకేదో అనబోయి మానుకున్నాడు. మానుకోకుండా ఉండాల్సింది.

ఇనుప చట్రం ప్రత్తిపాడులో వెల్డింగు చేయించాను. మా డాబా మీద, ఏ నీడా పడని చోట, దక్షిణానికి ముఖం పెట్టి బిగించాను. గాలివానకు లేవకుండా వాలు బాగా తగ్గించాను. కాళ్ళకు సిమెంటు దిమ్మలు పోశాను. బొగ్గు, ఉప్పు వేసి ఎర్తు గుంత తీశాను. ముందు బ్యాటరీ తీగలు, తర్వాతే పలకల తీగలు కలపాలని కాగితం మీద రాసి గోడకంటించాను. అంతా అయ్యాక, పలకల నుంచి బ్యాటరీకి ఎంత కరెంటు వెళ్తోందో చూపే కంట్రోలరు మీద మధ్యాహ్నం పన్నెండింటికి పద్నాలుగు ఆంపియర్లు చూపించింది. ఆ అంకె చూసి నాకు కళ్ళు చెమర్చాయి. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి.

ఇక్కడ మా డాబా సంగతి చెప్పాలి. మా వరసలో మిగతావన్నీ రేకుల ఇళ్ళు. చదునైన డాబా మాదొక్కటే, మెట్లు కూడా బయట నుంచే. ఎదురింటి ఆవిడ మిరప కోతల ముఠాకు పెద్ద. నా భార్యను అక్కా అంటుంది, నన్ను బావగారూ అంటుంది. రైతులు ఇంటికని ఇచ్చిన కాయలూ, ఆఖరి కోతయ్యాక చేలో ఏరుకొచ్చిన కాయలూ ఆవిడా, ఆవిడ ముఠా ఆడవాళ్ళూ మా డాబా మీదే ఎండబెట్టుకునేవాళ్ళు. అది ఎప్పుడు మొదలైందో నా డైరీల్లో లేదు. నేను డ్యూటీలో ఉండేవాణ్ణి.

పలకలు బిగించిన రోజున మెట్ల దగ్గర ఇనుప తలుపు పెట్టి తాళం వేశాను. రెండో తాళంచెవి నా భార్య దగ్గర ఉంచాను.

నాకు మోకాళ్ళ నొప్పులు. రోజూ మెట్లెక్కలేను. ఆదివారం పొద్దున్నే చర్చికి వెళ్ళే ముందు మెల్లగా ఎక్కి, పలకలు కడిగి వచ్చేవాణ్ణి. మిగతా రోజుల్లో కింద వరండాలో ఉన్న కంట్రోలరు చూసి పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం అంకెలు రాసుకునేవాణ్ణి.

కోతలు మొదలైన వారానికి అంకెలు పడిపోయాయి. మధ్యాహ్నం పద్నాలుగు ఉండాల్సింది ఆరు. ఇంకోరోజు నాలుగు. ఆదివారం మళ్ళీ పద్నాలుగు! సోమవారం అయిదు. నాకు అర్థమైపోయిందనుకున్నాను. నేను కడిగిన రోజు బాగుంటోంది, కడగని రోజు పడిపోతోంది. అంటే దుమ్ము. కల్లాల దుమ్ము, ట్రాక్టర్ల దుమ్ము.

ఎదురింటి ఆవిణ్ణి పిలిచి చెప్పాను. "రోజూ పొద్దున్నే మీ అక్క దగ్గర తాళంచెవి తీసుకుని పైకెళ్ళి ఆ అద్దాలు తడిగుడ్డతో తుడవాలమ్మా. వైర్లు మాత్రం తొక్కొద్దు."

"అయ్యో, దానికేం బావగారూ! అద్దంలో మీ మొహం కనపడేలా తుడుస్తా" అంది.

పక్కన నిలబడిన నా భార్య పైట చెంగుతో నోరు తుడుచుకుంది. నవ్వు ఆపుకుంటోందని ఇప్పుడు తెలుస్తోంది.

ఎదురింటి ఆవిడ నిజంగానే రోజూ తుడిచింది. అంకెలు ఇంకా పడిపోయాయి. నాలుగు, మూడున్నర, మూడు. నేను కింద వరండాలోనే కనెక్టర్లు విప్పి చూశాను, తీగలు కొలిచాను, బ్యాటరీలో నీళ్ళు చూశాను. అంతా సరిగ్గా ఉంది. అయితే పలకలే దొంగ సరుకన్న మాట. కొట్టతనికి ఫోన్ చేసి తిట్టాను. "ఎక్కడైనా నీడ పడుతోందేమో చూడండి పెద్దాయనా" అన్నాడు. "నీడ పడని చోటు చూసి పెట్టినవాడికి నీడ గురించి చెబుతావా?" అని ఫోన్ పెట్టేశాను.

ఈస్టరుకు ముందొచ్చే శ్రమల దినాలు మొదలైన వారం అది. పొద్దుట్నుంచీ కరెంటు లేదు. మూడున్నరకు నా భార్యకు ఆయాసం మొదలైంది. నేను కంగారు పడలేదు. దీనికోసమే కదా ఇదంతా కట్టింది! మందు పోసి, మాస్కు తగిలించి, స్విచ్చేశాను. మిషన్ మోగింది. ఆవిడ కళ్ళు మూసుకుంది. రెండు నిమిషాలు కూడా కాలేదు, ఇన్వర్టరు కీచుమని అరిచి ఆగిపోయింది. మళ్ళీ వేశాను. మళ్ళీ అరిచింది. బ్యాటరీ అడుగంటింది. వారం రోజులుగా నింపింది తక్కువ, ఫ్యానుకూ లైట్లకూ వాడింది ఎక్కువ. ఆవిడ మాస్కు లాగేసి నా చెయ్యి పట్టుకుంది. గోళ్ళు దిగాయి. మాట రావడం లేదు. పెదాలు నీలంగా మారడం నేను చూశాను. దాన్ని ఏ పుస్తకంలోనూ రాసుకోలేదు, రాసుకోను.

వీధిలో ఉన్న ఒక ఆటో దొరికింది. దారిలో ఆర్.ఎం.పి. దగ్గర ఆపి సూది వేయించి, గుంటూరు ఆస్పత్రికి తీసుకెళ్ళాను. రాత్రికి గండం గడిచింది. రెండు రోజులు ఉంచాలన్నారు.

మర్నాడు పొద్దున, ఆవిడ చెల్లెలు వచ్చి మంచం దగ్గర కూర్చోగానే, నేను సంచిలో డైరీ పెట్టుకుని నేరుగా ఆ కొట్టుకు వెళ్ళాను. కొట్లో నలుగురు కొనేవాళ్ళున్నారు. వాళ్ళ ముందే అతన్ని దొంగన్నాను, హంతకుడన్నాను. నేను ఆయాసపడి ఆగాక, అతను కుర్చీ వేసి, "మీ పుస్తకం ఒకసారి ఇవ్వండి" అన్నాడు. పేజీలు తిరగేశాడు. వేలు పెట్టి కిందికి దించుకుంటూ వచ్చాడు.

"పెద్దాయనా, ఆదివారాలన్నీ పద్నాలుగు ఉంది."

"ఆదివారం నేను కడుగుతాను కాబట్టి."

"మరి ఇక్కడ 'రోజూ తుడిపిస్తున్నాను' అని రాశారు కదా. తుడిపించడం మొదలెట్టాక ఇంకా తగ్గింది. దుమ్ము కాదండీ ఇది. ఆదివారం తప్ప మిగతా రోజులు మీ పలకల మీద ఏదో ఉంటోంది. వెళ్ళి మధ్యాహ్నం పూట చూడండి."

జీవితమంతా అంకెలు రాసినవాణ్ణి. నా అంకెలు నాకే చదివి వినిపించాడు.

బస్సెక్కి ఇంటికొచ్చేసరికి పన్నెండున్నర. మెట్ల తలుపు తాళం వేసే ఉంది. నా చెవితో తీసి, ఒక్కో మెట్టూ పట్టుకుని ఎక్కాను.

పలకలు కనబడలేదు. ఎర్రటి మిరపకాయలు కనబడ్డాయి. రెండు పలకల మీదా, అంచు నుంచి అంచు దాకా, ఒక్క వరసలో నేర్పుగా పరిచి ఉన్నాయి. జారిపోకుండా కింది అంచున పాత చీర చుట్టి అడ్డం కట్టారు. అక్కడక్కడా సందుల్లోంచి అద్దం తళతళలాడుతోంది. చాలా శుభ్రంగా తుడిచారు.

సోలార్ పలకలో గడులన్నీ ఒకదానికొకటి తగిలించి ఉంటాయి. నాలుగు గడులు కప్పినా పలకంతా చచ్చుబడుతుంది. అలాంటిది దానికి దుప్పటి కప్పారు. ఆ దుప్పటి కింద నా భార్య ఊపిరాడక కొట్టుకుంది. అలాగే అనిపించింది నాకు.

మూల ఉన్న చీపురు తీసుకున్నాను. గొట్టం విప్పి పలకల మీదికి నీళ్ళు వదిలాను. ఊడ్చి ఊడ్చి, ఒక్క కాయ మిగల్చకుండా, పిట్టగోడ మీద నుంచి వీధి కాలవలోకి తోసేశాను. ఘాటుకు కళ్ళు మండాయి, దగ్గొచ్చింది, ఆపలేదు. అంతా అయ్యాక కిందికొచ్చి చూస్తే పద్నాలుగు. అది కూడా రాశాను.

సాయంత్రం ముఠా ఆటోలో దిగింది. ఎదురింటి ఆవిడ కాలవ చూసి కేకేసింది.

"ఎవడ్రా ఇది చేసింది? వాడి చేతులు పడిపోనూ!"

నేను వాకిట్లోకి వచ్చాను. "నేనే."

"మీరా? మీకేం పొయ్యేకాలం వచ్చింది బావగారూ?"

"నా పలకల మీద మిరపకాయలు పోస్తారా? బుద్ధుందా?"

"అద్దాలు తుడవమన్నారు, తుడిచానా లేదా? వైర్లు తొక్కొద్దన్నారు, తొక్కానా? కాయలు పొయ్యొద్దని ఏనాడన్నా అన్నారా?"

"సోలార్ మీద కాయలు పోస్తారని మనిషన్నవాడు అనుకుంటాడా?"

"అనుకోవాలి మరి! అంత చదువు చదివావుగా!" కోపంలో ఆవిడ నువ్వులోకి దిగింది. "నల్లటి అద్దం, చెయ్యి పెడితే కాలేట్టు, ఇసక రేణువు అంటకుండా ఎండలో పెట్టావు. మా కాయలెండే చోటనే పెట్టావు. ఈ ఊరి ఆడది దాని మీద ఏం పోస్తుందనుకున్నావు, పూలా? రెండ్రోజుల కాయ ఒక్కరోజులో ఎండింది తెలుసా? రంగు చూశావా, కాలవలో పోసే ముందు?"

ఆటోలో ఉన్నవాళ్ళు ఫక్కున నవ్వారు. నాకు నెత్తురు తలకెక్కింది.

"నవ్వండి! మీ కాయల వల్లే నిన్న బ్యాటరీ అయిపోయి గాలి మిషన్ ఆగింది. మీ అక్క ఆస్పత్రిలో ఉన్నది మీ వల్లే!"

నవ్వులు ఆగిపోయాయి. ఆవిడ మొహంలో రంగు పోయింది. తర్వాత మెల్లగా అంది, "అద్దం మీద నాలుగు కాయలుంటే ఇంట్లో మిషన్ ఆగుద్దని మాకెవరు చెప్పారు బావగారూ?"

"నేను తుడవమనక ముందు తాళం ఎవరిచ్చారు?" అన్నాను.

ఆవిడ లోపలికెళ్ళిపోయింది. కాలవలోని కాయలు ఎవరూ తీయలేదు. తడికి తెల్లబడి, మర్నాటికి పాడైపోయాయి.

మూడో రోజు నా భార్యను ఇంటికి తెచ్చాను. ఆటో దిగుతూనే కాలవ చూసింది. లోపలికొచ్చి, మంచం మీద కూర్చుని, నీళ్ళు తాగి, అప్పుడు అంది, "నేనిచ్చాను తాళం."

"తెలుసు."

"తెలిస్తే నామీద అరవండి. దాని కాయలెందుకు పారేశారు?"

"చచ్చిపోయేదానివి! నీ చేత్తో నువ్వే..."

"నాకు చెప్పారా?" ఆవిడ గొంతు పెద్దది కాదు. ఊపిరి సరిపోక మధ్యమధ్య ఆగుతోంది. ఆగినా వదల్లేదు. "వచ్చిన ప్రతివాడికీ గంటసేపు చెప్పారు ఆంపియర్లని, వోల్టులని. నాకేం చెప్పారు? స్విచ్చు ముట్టుకోకు, తీగ ముట్టుకోకు. అంతే. ఎండ పడాలని తెలుసు. మిగతా డాబా అంతా ఎండే కదా, ఈ కాస్త కప్పితే ఏమవుతుందిలే అనుకున్నాను. ఆదివారం మీరు పైకెక్కుతారని శనివారమే కాయలు తీయించాను. నా బుద్ధి అంతే అనుకోండి. మరి తాళం వేసే ముందు నన్నడిగారా? మీరు మిషన్ల దగ్గర పడుకున్న రాత్రుళ్ళు నాకు దగ్గొస్తే, కిటికీ రెక్క కొడితే వీధి దాటి వచ్చింది అది. ఆ డాబా మీద దాని కాయలెండకూడదని దానికి నేనే నోటితో చెప్పాలా?"

"నీకోసమే కట్టాను అదంతా."

"నాకోసమైతే నన్నడగాలి."

జవాబు లేనప్పుడు వచ్చే కోపం ఎలాంటిదో మగవాళ్ళకు తెలుసు. బయటికెళ్ళి చాలాసేపు నిలబడ్డాను.

మర్నాడు గుంటూరు వెళ్ళి కరెంటుతో ఛార్జయ్యే ఇన్వర్టరు తెచ్చాను. కొట్టతను "నేను ముందే చెప్పాను కదా" అనలేదు. అని ఉంటే బాగుండేది, కాస్త అరిచేవాణ్ణి. "అమ్మగారెలా ఉన్నారు?" అని మాత్రం అడిగాడు. ఒట్టు పెట్టుకుని తెంచుకున్న ఆ లైనునే నా చేతులతో తెచ్చి బ్యాటరీకి తగిలించాను. ఇక పలకల మీద మిరపకాయలే పోసినా, పిడకలే చరిచినా ఆవిడ ఊపిరికి భయం లేదు. ఇది నాకు మొదటి రోజే ఒకడు చెప్పాడు.

మెట్ల తాళం తీసేశాను. మిర్చి యార్డులో నాకు తెలిసిన గుమాస్తా చేత మంచి రకం కాయ ఒక బస్తా తెప్పించి, నేనే ఈడ్చుకుంటూ ఎదురింటికి తీసుకెళ్ళాను. ఆవిడ వాకిట్లో, కోతల్లో చీర మీద తొడుక్కునే పాత చొక్కా ఉతుకుతోంది.

"డాబా తీసే ఉంది. కాయలు పోసుకోండి" అన్నాను.

"ఏడ? అద్దాల మీదా?"

"అద్దాల మీదైనా సరే."

ఆవిడ బస్తా మూతి విప్పి, ఒక కాయ తీసి, విరిచి, వాసన చూసింది. మళ్ళీ అందులోనే పడేసింది. "మంచి కాయే. కానీ ఇవి నేను ఏరిన కాయలు కావు బావగారూ. తీసుకెళ్ళండి. మేం చర్చి వెనకాల టార్పాలిన్ పట్టా పరుచుకుంటున్నాం."

"తప్పయిందమ్మా" అన్నాను. పళ్ళ బిగువున అన్నాను, నిజమే. అయినా అన్నాను.

"అయ్యింది" అంది. చొక్కా పిండుకుంటూ లోపలికెళ్ళింది.

బస్తా మళ్ళీ ఈడ్చుకొచ్చాను. వరసలో ప్రతి గుమ్మంలోనూ ఒక మొహం ఉంది.

తర్వాతి వారం మళ్ళీ పగలంతా కరెంటు తీశారు. మధ్యాహ్నం నా భార్యకు ఆయాసం వచ్చింది. మిషన్ పెట్టాను. పావుగంట ఏకబిగిన నడిచింది, గొంతు మారలేదు. ఆవిడ భుజాలు దిగాయి, పెదాల రంగు బాగానే ఉంది. బ్యాటరీ ముల్లు కదల్లేదు కూడా. పైన డాబా ఖాళీగా ఉంది. కాయ లేదు, మనిషి లేదు. ఎండంతా నా పలకలదే. బ్యాటరీ పదింటికే నిండిపోతోంది, మిగతా ఎండ ఎవరికీ పనికిరాకుండా పోతోంది.

ఆవిడ మాస్కు తీసి, మొహం తుడుచుకుని, "బాగా పనిచేస్తోంది" అంది. మాస్కు పక్కన పెడుతూ, "కొరివికారం పచ్చడికి పండుమిరపకాయలు కావాలి. ఏటా ఎదురింటిదే తెచ్చిచ్చేది. ఈసారి కొనాలి" అంది.

"ఎవరి చేతనైనా తెప్పిస్తాను."

"ఎవర్నీ పంపొద్దు. అది ఎదురింట్లో ఉండగా బయట ఎందుకు కొంటున్నారని ఊళ్ళో అడుగుతారు. జవాబు మీరే చెప్పండి."

సంచి తీసుకున్నాను. వీధిలోకి దిగి పది అడుగులు వేశానో లేదో, ఒకడు అరుగు మీద నుంచి అడిగాడు, "ఎక్కడికి పెద్దాయనా, ఈ ఎండలో?"

"మిరపకాయలకి" అన్నాను.